వెంట్రుకలు లెక్కపెట్టే పని

పని పంచాంగం చూడటంతో మొదలవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూగా సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. మామూలు రోజుల్లో నీటికింద ఉండే ఇసుక ఆ పూట కాసేపు బయటపడుతుంది. కోల్‌కతా నుంచి వెళ్ళేవాళ్ళకి దీఘా, బక్ఖాలీ, సాగర్ ద్వీపం అందుబాటులో ఉన్న తీరాలు. మన జాలర్లు 'పాటు' అనే ఆ వేళకి అరగంట ముందే ఒడ్డున ఉండాలి. చేతిలో ఒక పార, ప్లాస్టిక్ మగ్గు, సన్నకన్ను వలగుడ్డ, మూతలు గట్టిగా పట్టే సీసాలు, ఒక పెన్సిలు. పెన్నుతో లాభం లేదు, దాని సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

వెతుకుతున్నది కోపెపాడ్‌ని. గ్రీకు భాషలో 'కోపె' అంటే తెడ్డు, 'పొద్' అంటే పాదం. తెడ్డుకాళ్ళ ప్రాణి అన్నమాట. రొయ్యకీ పీతకీ దాయాది. సముద్రంలో చిన్న చేపలకి ఇదే అన్నం. దీని మంచినీటి చుట్టం మనకి కొత్తేమీ కాదు. నారికురుపు పురుగుని కడుపులో మోసుకుని దిగుడుబావి నీళ్ళతో మనిషిలోకి వెళ్ళిన సైక్లాప్స్ ఈ వర్గానిదే. బిందె మీద గుడ్డ కట్టి నీళ్ళు వడకట్టుకోమని ఊరూరా చెప్పింది దాన్ని ఆపడానికే. దేశంలో ఆ జబ్బు పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ప్రపంచంలో ఇప్పటికి పేర్లు పెట్టిన కోపెపాడ్ రకాలు పదమూడు వేలు దాటాయి. ఇసుకరేణువుల సందుల్లో కాపురముండేవి ఎక్కువగా హార్పాక్టికాయిడ్ అనే శాఖవి. వీటి పొడవు అర మిల్లీమీటరు అటూ ఇటూ.

అల అంచుకి కాస్త ఎగువన తడి ఇసుకలో మోకాలి లోతు గొయ్యి తవ్వుతారు. అడుగున నీరు ఊరుతుంది. ఆ నీటిని మగ్గుతో తోడి, 60 మైక్రాన్ల కన్నున్న వలగుడ్డలోంచి వడపోస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. పక్కనే పీవీసీ గొట్టం ముక్కని పది సెంటీమీటర్ల లోతు దింపి, నిండిన ఇసుకని కదలకుండా పైకి తీస్తారు. గొయ్యి నీరు ఏ ప్రాణులున్నాయో చెబితే గొట్టం ఎంత లోతులో ఎన్నున్నాయో చెబుతుంది. నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, తేదీ, వేళ, అక్షాంశ రేఖాంశాలు చీటీ మీద రాసి సీసా లోపలే వేస్తారు. సీసా బయట అంటించిన చీటీని ఈ పనిలో ఎవరూ నమ్మరు, తడికి ఊడిపోతుంది. చీటీ పోయిన సీసాలో ఎంత అరుదైన ప్రాణి ఉన్నా అది కొరగాదు.

ప్రాణులు రేణువుల్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. పట్టు విడిపించడానికి, నూటికి ఏడు పాళ్ళు మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో ఇసుకని పది నిమిషాలు ఉంచుతారు. అది మత్తుమందు. తర్వాత చేసేది మనింట్లో బియ్యం కడిగే పనే: బకెట్లో ఇసుకని గిరగిరా తిప్పి, బరువైనది అడుక్కి దిగుతుండగానే పైనీటిని 45 మైక్రాన్ల జల్లెడలోకి వంచాలి. ఇలా అయిదుసార్లు. ఒక్క క్షణం ముందు వంచితే ఇసుక వచ్చేస్తుంది, ఆలస్యమైతే ప్రాణి ఇసుకతో పాటే కూర్చుంటుంది.

జల్లెడలో మిగిలినదాన్ని రెండు వాటాలు చేస్తారు. ఒకటి ఫార్మలిన్‌లోకి. దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక పాలుకి తొమ్మిది పాళ్ళు సముద్రపు నీరు కలిపి, పులుపు విరగడానికి చిటికెడు బోరాక్స్ వేస్తారు. లేకపోతే నెలల్లో పెంకు మెత్తబడుతుంది. రెండో వాటా 95 శాతం ఆల్కహాల్లోకి, అక్కణ్ణించి ఐసుపెట్టెలోకి. ఫార్మలిన్ ఆకారాన్ని నిలబెట్టి డీఎన్ఏని చెడగొడుతుంది. ఆల్కహాల్ డీఎన్ఏని కాపాడి ఒంటిని కాస్త ముడుచుకుపోయేలా చేస్తుంది. రెండూ కావాలి కాబట్టే రెండు సీసాలు.

ప్రయోగశాలలో మొదటి పని రంగు వేయడం. రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు పొడి లీటరుకి అర గ్రాము లోపే చాలు, రాత్రంతా ఉంచితే ప్రాణులు గులాబీరంగు తేలి, ఇసుక, చెత్త తెల్లగా ఉండిపోతాయి. (బెంగాల్ పేరుతో ఉన్న రంగుని బెంగాల్లోనే వాడుతున్నారని ముచ్చటపడ్డాను గాని, దాన్ని తయారుచేసింది ఒక స్విస్ రసాయనవేత్త.) మర్నాడు చెంచాడు చెంచాడు గాజుపళ్ళెంలో పోసి, 20 నుంచి 40 రెట్లు పెంచి చూపే స్టీరియో మైక్రోస్కోపు కింద ఏరతారు. ఏరే సాధనం పుల్లకి బిగించిన సన్నతీగ, కొస వంకీలా చుట్టి ఉంటుంది. ఆ వంకీలో నీటిపొరతో సహా ప్రాణి పైకి లేస్తుంది. నులిపురుగులు ఒక గిన్నెలోకి, గుల్లరొయ్యల్లాంటి ఆస్ట్రకాడ్లు ఇంకో గిన్నెలోకి, కోపెపాడ్లు మరోదాన్లోకి. ఒక సీసా ఏరడానికి పూట పట్టవచ్చు, రెండు రోజులూ పట్టవచ్చు.

ఇక్కడే మొదటి వర్గీకరణ జరిగిపోతుంది, చేయి తిరిగినవాళ్ళకి తెలియకుండానే. తలమీద మీసాలు ఒంటి పొడవునా సాగితే కెలనాయిడ్, ఈదే రకం. మీసం పొట్టిగా, తొమ్మిది కణుపులకి మించకుండా ఉంటే హార్పాక్టికాయిడ్. మధ్యస్థంగా ఉంటే సైక్లోపాయిడ్. నడుము ఎక్కడ విరుగుతుందో కూడా చూస్తారు: కెలనాయిడ్‌కి అయిదో జత కాళ్ళ వెనక, మిగతా రెంటికీ నాలుగో జత వెనక. తర్వాత పిల్లల్ని పక్కన పెడతారు. గుడ్డులోంచి వచ్చాక ఈ ప్రాణి ఆరు నాప్లియస్ దశలు, అయిదు కోపెపోడిడ్ దశలు దాటి, ప్రతిసారీ కుబుసం విడిచి, అప్పుడు పెద్దదవుతుంది. పెద్దవాటి మీదే జాతి నిర్ణయం. ఆడది, మగది రెండూ దొరకాలి, వీలైతే పది పన్నెండు.

కోయకముందు నిండు ప్రాణిని గీయాలి, కోశాక మళ్ళీ అతకదు. లాక్టిక్ ఆమ్లం చుక్కలో వేస్తే కొన్ని గంటల్లో లోపలి కండ కరిగి, పెంకు గాజుబొమ్మలా తేటపడుతుంది. పైన వేసే గాజుపలక దాన్ని నలిపేయకుండా, పలక మూలల కింద విరిగిన గాజుముక్కలు ఆనిస్తారు. పలకని వేలితో సుతారంగా జరిపితే కింద ప్రాణి దొర్లుతుంది. వీపు, పొట్ట, పక్క అన్నీ కనిపిస్తాయి. 1964లో హ్యూమ్స్, గూడింగ్ అనే ఇద్దరు ఇంకో ఉపాయం ప్రచురించారు: చిల్లు పెట్టిన చెక్కపలక, చిల్లుకి గాజు మూత, ఆ మూతకి తలకిందులుగా వేలాడే ఆమ్లపు బొట్టులో ప్రాణి. చెక్కముక్కతో అయ్యే పని. ఈనాటికీ దీన్ని మించిన పద్ధతి రాలేదు.

ఇక కోత. ఈ మొత్తం కథలో నేను నోరు తెరుచుకుని చూసిన ఘట్టం ఇదే. సూది పావు మిల్లీమీటరు మందం టంగ్‌స్టన్ తీగ. దాన్ని కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి బ్యాటరీ కరెంటు పంపితే లోహం కరుగుతూ కొస కంటికి ఆననంత సన్నబడుతుంది. ఎవరి సూదులు వాళ్ళే చెక్కుకుంటారు, ఒకరివి ఒకరికి ఇవ్వరు. ఫ్యాను ఆపేస్తారు. కోల్‌కతా జూన్ ఉక్కలో ఇది చిన్న త్యాగం కాదు. రెండు ముంజేతులూ బల్లకి ఆనించి, ఎడమ సూదితో ఒంటిని అదిమి, కుడి సూదితో వెనకనుంచి ముందుకి వస్తారు. ముందు తోకభాగం వేరవుతుంది. తర్వాత అయిదో జత కాళ్ళు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. రెండు కాళ్ళనీ కలుపుతూ మధ్యలో చిన్న పట్టీ ఉంటుంది కాబట్టి జత జతగానే ఊడివస్తాయి. ఆ తర్వాత నోటి భాగాలు: దవడ, దాని వెనక రెండు చిన్న దవడలు, పట్టుకునే దవడకాలు. చివరగా రెండు జతల మీసాలు. ఒక్కో భాగం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. ఒక్కోదాన్నీ సూదిమొనకి అంటించుకుని వేరే గాజుపలక మీద గ్లిజరిన్ చుక్కలోకి దించుతారు. అలవాటైన చేతికి ఒక ప్రాణి గంట, గంటన్నర పని. నేనొకసారి చెరువునీటి సైక్లాప్స్ మీద ప్రయత్నించాను. అది వీటికి రెండింతలుండే సులువైన సరుకు. నాలుగో జత కాళ్ళు తీశాననుకున్నాను. అవి ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలియదు. ఊపిరి వదిలినట్టున్నాను.

గాజుపలకలకి అంచుల చుట్టూ సీలు వేసేది మామూలు నెయిల్ పాలిష్‌తో. నలభై యాభై రూపాయల సీసా నెలలు వస్తుంది. లక్షల విలువచేసే మైక్రోస్కోపు పక్కన ఎర్రటి నెయిల్ పాలిష్ సీసాని చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు. కుదురుగా వేసిన సీలు గ్లిజరిన్‌ని ఏళ్ళ తరబడి నిలుపుతుంది. కోల్‌కతాలో గాజుకి శత్రువు గాలిలో తేమ. వానాకాలంలో కటకాల మీద బూజు పాకుతుంది. అందుకే వాటిని సిలికా జెల్ వేసిన పెట్టెల్లో దాస్తారు.

గీయడం అన్నిటికంటే పొడుగాటి దశ. నూనెచుక్క వేసి వెయ్యి రెట్లు పెంచి చూస్తూ, మైక్రోస్కోపు పక్కకి అమర్చిన డ్రాయింగ్ ట్యూబ్ సాయంతో గీస్తారు. అందులో అద్దాలు బల్లమీద కాగితాన్నీ పెన్సిల్‌నీ కూడా కంటి ముందుకి తెస్తాయి, ప్రాణి బొమ్మ కాగితం మీదే పడ్డట్టుంటుంది, గీతలమీద గీత పోనివ్వాలి. కాలికి ఎన్ని కణుపులు, కణుపుకి ఎన్ని ముళ్ళు, ఎన్ని నూగులు, నూగు నున్నటిదా ఈకలాంటిదా, ఏది ఎక్కడ మొలిచింది అన్నీ పడాలి. పదునుగా బిరుసుగా ఉంటే ముల్లు, దాన్ని రోమన్ అంకెతో రాస్తారు. వంగేది నూగు, దానికి మామూలు అంకె. నాలుగు జతల కాళ్ళకీ ఇలా లెక్క వేస్తే ఒక చిన్న పట్టిక వస్తుంది. జాతకచక్రం లాంటిది. ఆ విద్య తెలిసినవాడు పట్టిక చూసి ప్రజాతి పేరు చెప్పేస్తాడు. ఆడదాని బొమ్మలు, మగదాని బొమ్మలు కలిపి అయిదారు పుటలు. వాటికి రెండు మూడు వారాలు. ఇప్పుడు చాలామంది పెన్సిల్ గీతని స్కాన్ చేసి కంప్యూటర్‌లో సిరా దిద్దుతున్నారు. ఫోటో తీస్తే సరిపోదా అంటే సరిపోదు. ఒకేసారి ఒక పొరే స్పష్టంగా పడుతుంది. పైనున్న ముల్లునీ కిందున్న నూగునీ కలిపి చూపగలిగింది మనిషి గీసిన గీతే.

ఇంతవరకూ అయినా ఇది కొత్తదని ఎవరూ అనరు. కొత్తది అనాలంటే పాతవేవీ కాదని తేలాలి. అసలు కష్టం అక్కడ. ఒక నూగు తక్కువుంటే, అది అసలు లేదా, విరిగిందా? విరిగితే మొదట్లో గుంట మిగులుతుంది, దాన్ని వెతకాలి. ఎడమకాలికి లేనిది కుడికాలికి ఉందా? ఇంకో అయిదు ప్రాణుల్లో కూడా ఇంతేనా? అన్నిట్లో ఒకేలా ఉంటేనే లక్షణం, లేకపోతే అవిటితనం.

ఆ తర్వాత పుస్తకాలు. కోల్‌కతాలో కూర్చుని ఈ పని చేసేవాడికి ఇక్కడ ఒక సుఖముంది. 1916లో పుట్టిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం న్యూ ఆలీపూర్‌లో ఉంది. దాని మొదటి డైరెక్టర్ అనండేల్. తర్వాత 1925 నుంచి 1933 వరకు డైరెక్టర్‌గా ఉన్న సీమోర్ సీవెల్ స్వయంగా కోపెపాడ్ల మనిషి. వృత్తికి వైద్యుడు, ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద సర్జన్-నేచురలిస్టుగా తిరిగినవాడు. భారత సముద్రాల కెలనాయిడ్ల మీద 1929లో, 1932లో రెండు భాగాలుగా ఆయన వేసిన 407 పేజీల గ్రంథం ఈనాటికీ బల్లమీదే ఉంటుంది. 1919లో తాను వర్ణించిన ఒక ఉప్పుటేరు కోపెపాడ్‌కి తన పై అధికారి పేరు కలిపి సూడోడయాప్టోమస్ అనండేలై అని పెట్టాడు. చేపపిల్లలకి సజీవ మేతగా ఇప్పుడు దాన్ని తొట్లలో పెంచుతున్నారు.

ఇసుకలో ఉండే రకాలకి మాత్రం దారి వాల్తేరు నుంచి పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1960లలో విశాఖ తీరపు ఇసుకని ఇలాగే తవ్వి, వడకట్టి, అందులోని జీవజాలాన్ని వర్ణించారు. 1969లో వాల్తేరు కోపెపాడ్లలో కొన్నిటిని కొత్తవిగా ప్రకటించారు. చంద్రశేఖరరావు తర్వాత సర్వేలో చేరి, జె.బి.జె. వెల్స్‌తో కలిసి అండమాన్ నికోబార్ హార్పాక్టికాయిడ్ల మీద 1987లో 385 పేజీల మెమాయిర్ వేశారు. బంగాళాఖాతం ఇసుకలో ఏది దొరికినా ఆ పుస్తకంతో పోల్చకుండా ముందుకి పోవడం కుదరదు. నదీతీరపు ఇసుకలో ఇదే విద్య చూపినవారు నాగార్జున విశ్వవిద్యాలయపు వై. రంగారెడ్డి. విజయవాడ దగ్గర కృష్ణ ఇసుకలో దొరికిన మూడు రకాలకి 2001లో ఆయన పెట్టిన పేర్లు గాయత్రి, సవిత, సంధ్య.

పుస్తకంలో మాట చాలకపోతే అసలు నమూనాని తీయించి చూడాలి. వందేళ్ళ కిందటి వర్ణనలో అయిదో కాలి బొమ్మ ఒక్కటే ఉంటుంది, మనకి కావలసిన రెండో కాలు ఉండదు. అందుకే టైపు నమూనాలు. ఒక పేరు ఏ ప్రాణిని చూసి పెట్టారో ఆ ఒక్క ప్రాణే హోలోటైపు. పొలం గట్టు తగాదాకి సర్వే రాయి ఎలాగో, పేరు తగాదాకి ఇది అలాగ. దానితోపాటు పక్కన పెట్టిన మిగతావి పారాటైపులు. పెన్సిల్ గీతనీ పాత గాజుపలకనీ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదనుకున్నవాటిలో చాలా మటుకు అక్కడితో ఆగిపోతాయి. పాతదే, మొదటి వర్ణనలో లోపం. ఆ ఫలితాన్ని కూడా ప్రచురించే ఓపికున్నవాణ్ణే నేను పండితుడంటాను.

ఆల్కహాల్ సీసాలో దాచినవాటి అవసరం ఇప్పుడు వస్తుంది. పెంకు చెడకుండా లోపలి డీఎన్ఏని మాత్రం కరిగించి తీస్తారు. సీఓఐ అనే జన్యువులో సుమారు 658 అక్షరాల ముక్కని పీసీఆర్ యంత్రంలో పెంచుతారు. 94 డిగ్రీల దగ్గర పోగులు విడిపోతాయి, 45-50 దగ్గర ప్రైమర్లనే చిన్న పోగుముక్కలు అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు అల్లుకుంటుంది. ఇలా ముప్పై అయిదు చుట్లు, రెండు మూడు గంటలు. అక్షరాలు చదివించడానికి నమూనాకి కొన్ని వందల రూపాయలు. దగ్గరి జాతితో తేడా నూటికి పది దాటితే ధైర్యం వస్తుంది. ఒకటి రెండే అయితే గీతల్ని మళ్ళీ చూసుకోవాలి. డీఎన్ఏ సాక్షి మాత్రమే, తీర్పు రాసేది నూగుల పట్టికే. పాత నమూనాలు చాలావరకు ఫార్మలిన్‌లో పడ్డవి కాబట్టి పోల్చడానికి అటువైపు అక్షరాలే ఉండవు.

పేరు పెట్టడం ఒక్క సాయంత్రం పని. చోటుని బట్టి అయితే చివర 'ఎన్సిస్', మగవాడి పేరైతే చివర 'ఐ', ఆడమనిషిదైతే 'ఎ'. తన పేరు తానే పెట్టుకోకూడదని నియమం లేదు, పెట్టుకుంటే పరువు దక్కదు. పేరు పక్కన పెట్టినవాడి ఇంటిపేరు, సంవత్సరం రాస్తారు. ఎప్పుడైనా ఆ జాతిని వేరే ప్రజాతిలోకి మారిస్తే ఆ రెంటికీ బ్రాకెట్లు పడతాయి. ఆన్‌లైన్ పత్రికలోనే ప్రచురిస్తే జూబ్యాంక్‌లో నమోదు ఉండాలి. హోలోటైపు ఏదో, ఎక్కడ దాచారో వ్యాసంలో చెప్పకపోతే పేరే చెల్లదు. మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుక్కున్నవాళ్ళు ప్రభుత్వం గుర్తించిన నమూనాల భాండాగారానికి తెలియజేసి నమూనా ఇవ్వాలి. జంతువులకి అలా గుర్తించిన భాండాగారాల్లో జువలాజికల్ సర్వే ఒకటి. కాబట్టి కొచ్చిలో గీసినా, విశాఖలో గీసినా ఆ ప్రాణికి సంబంధించిన కాగితం కోల్‌కతా రిజిస్టర్ దాకా రావచ్చు.

రిజిస్టర్‌లో నంబరు పడ్డాక గాజుపలకలు చెక్క అరల్లోకి వెళతాయి, కోయని ప్రాణులు వేలెడంత గాజుగొట్టాల్లో 70 శాతం ఆల్కహాల్లోకి. గొట్టం మూతికి దూది కుక్కి, తలకిందులుగా పెద్ద సీసాలో దింపి, ఆ సీసానీ ఆల్కహాల్‌తో నింపుతారు. బయటి సీసా ఎండినా లోపలి గొట్టం ఇంకొంత కాలం తడిగా ఉంటుంది. ఎవరో ఒకరు వరసగా సీసాలు చూస్తూ తగ్గినచోట పోస్తూ ఉండాలి. ఈ పని చేసేవాళ్ళ పేర్లు ఏ వ్యాసంలోనూ రావు. అనండేలై పక్కన సీవెల్ పేరు నూరేళ్ళు దాటినా నిలబడిందంటే వాళ్ళవల్లే.

ఇసుక తవ్విన రోజు నుంచి పేరు అచ్చులో పడేదాకా చురుగ్గా చేస్తే ఏడాది, రెండేళ్ళు. అన్ని రకాల జీవాల మీదా 2012లో వచ్చిన ఒక లెక్క ప్రకారం, నమూనా దొరికిన రోజుకీ పేరు పడే రోజుకీ మధ్య సగటు దూరం 21 ఏళ్ళు. అంతకాలమూ అది ఏదో బీరువాలో, లోపలి చీటీ మీద పెన్సిల్‌తో రాసిన తేదీతో ఉంటుంది.